యుద్ధం మధ్యలో బాడుగ సంపాదన

మాది చిత్తూరు, మామిడి గుజ్జు ఎక్స్‌పోర్ట్ పేపర్లు చూసే పని నాది. అంటే ఫ్యాక్టరీలో డ్రమ్ములు కంటైనర్‌లోకి ఎక్కినప్పటి నుంచి చెన్నై పోర్టులో ఓడ కదిలేదాకా ఆ తలనొప్పంతా నాదే. 2023 ఆఖర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయినాక యూరప్ పోయే కంటైనర్లు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం, ఫ్రైట్ బిల్లు చూస్తే కళ్ళు బైర్లు కమ్మడం, అప్పుడు పట్టుకుంది నాకీ పిచ్చి. దారిలో ఎక్కడో గొడవ జరిగితేనే మనకింత కష్టమయితే, యుద్ధం సొంతింట్లోనే పెట్టుకున్న ఉక్రెయిన్ వాళ్ళు సరుకెట్లా తోలుతున్నారబ్బా అని.

ఎగుమతి అంటే మనోళ్ళకి గుజ్జు, గ్రానైట్ ఇట్లాంటివే గుర్తొస్తాయి గానీ, వేరే దేశం సరుకు మన బండిలో మోసి వాళ్ళ దగ్గర బాడుగ తీసుకుంటే అదీ ఎగుమతే. ఉక్రెయిన్‌కి ఈ బాడుగ శానా పెద్ద సంపాదన, అందులో గ్యాస్ పైపులది పెద్ద వాటా ఉండేది. రష్యా గ్యాస్ వీళ్ళ భూమి మీదుగానే యూరప్‌కి పోయేది. విచిత్రం ఏందంటే యుద్ధం మొదలయినాక కూడా దాదాపు మూడేళ్ళు, పైన మిసైళ్ళు పడతానే ఉన్నాయి, కింద గ్యాస్ పోతానే ఉంది. 2019లో రాసుకున్న ఐదేళ్ళ కాంట్రాక్ట్ అయిపోయినాక ఉక్రెయిన్ మళ్ళీ రాసుకోలేదు, 2025 జనవరి 1 నుంచి బంద్. ఆ డబ్బు ఇంక తిరిగొస్తుందని నేననుకోను.

విమానాల సంగతి ఇంకా అన్యాయం. 2022 ఫిబ్రవరి 24 నుంచి ఆ దేశం ఆకాశంలో ప్యాసింజర్ ఫ్లైట్ అనేదే లేదు. ప్రపంచంలోనే పెద్ద విమానం ఆన్-225 కీవ్ పక్కనున్న హోస్తొమెల్ ఎయిర్‌పోర్టులో నిలబెట్టిన చోటే ధ్వంసమయింది. అయినా ఆ విమానం ఓనర్లు, ఉక్రెయిన్ కంపెనీ ఆంటొనోవ్ వాళ్ళు, మిగిలిన ఆన్-124 కార్గో విమానాలను జర్మనీలో లైప్‌జిగ్ నుంచి నడుపుతా పెద్ద పెద్ద మెషిన్లు మోస్తున్నారు, అంటే దేశంలో ఎయిర్‌పోర్టులన్నీ మూసేసినా ఎయిర్ కార్గో బాడుగ మాత్రం పూర్తిగా ఆగలేదు.

అసలు కథ నల్ల సముద్రానిది. 2022 జూలైలో ఇస్తాంబుల్‌లో ఐక్యరాజ్యసమితి, టర్కీ మధ్యలో ఉండి ఉక్రెయిన్ ధాన్యం ఓడలను రష్యా పోనిచ్చేటట్టు ఒప్పందం చేయించినాయి, ఏడాదిలో సుమారు 3.3 కోట్ల టన్నులు పోయినాయి, 2023 జూలైలో రష్యా తప్పుకుంది. అందరూ అయిపోయిందనుకున్నారు. నెల తిరగకముందే ఉక్రెయిన్ సొంతంగా ఇంకో దారి తెరిచింది, రొమేనియా, బల్గేరియా తీరం పక్కపక్కనే పోయేది. యుద్ధానికి ముందురోజు నుంచి ఉక్రెయిన్ పోర్టు ఒడెసాలో ఇరుక్కుపోయిన జోసెఫ్ షుల్టే అనే కంటైనర్ ఓడ ఆగస్టు 16న మొదట బయటపడింది. ఓనర్‌కి బాంబు భయం ఒకెత్తయితే ఇన్సూరెన్స్ ఇంకో ఎత్తు. యుద్ధం ఉన్న చోటికి పోయే ఓడకి కట్టే ఈ వార్ రిస్క్ ప్రీమియం ఓడ విలువలో శాతం లెక్కన వేస్తారు, మామూలుగా 7 రోజులకే, 3 కోట్ల డాలర్ల ఓడకి 1 శాతం అంటే ఒక్క ట్రిప్‌కి 3 లక్షల డాలర్లు, సరుకు మోసేదానికి ముందే! అందుకే 2023 నవంబర్‌లో లండన్‌లో ఓడల ఇన్సూరెన్స్‌కి పేరున్న లాయిడ్స్ మార్కెట్ వాళ్ళతో కలిసి యూనిటీ అని ఒక ఇన్సూరెన్స్ ఏర్పాటు చేసుకున్నారు. నన్నడిగితే తుపాకులంత పని చేసింది ఆ కాగితం.

సముద్రం తెరుచుకునేసరికి దెబ్బ తగిలింది డాన్యూబ్ నది పోర్టులకి. ఇజ్మాయిల్, రేని అని చిన్న ఊర్లు, సముద్రం మూసినప్పుడు ఓడలు క్యూ కట్టినాయి, 2024కి సరుకు బాగా తగ్గిపోయింది. అక్కడ గోడౌన్లు కట్టినోళ్ళ లెక్కలు ఏమయినాయో మరి.

ఇంక లారీలు. 2022 జూన్‌లో యూరోపియన్ యూనియన్ పర్మిట్లు లేకుండానే ఉక్రెయిన్ లారీలను రానిచ్చింది. మన లోడింగ్ పాయింట్ దగ్గరికి పక్క రాష్ట్రం లారీ వచ్చి తక్కువ బాడుగకి లోడ్ ఎత్తుకుంటే లోకల్ యూనియన్ ఊరుకుంటుందా? పోలండ్ లారీ ఓనర్లూ అంతే, నవంబర్ 6 నుంచి, 2023లో, బార్డర్ అడ్డం కట్టినారు, చలికాలంలో డ్రైవర్లు రోజులకొద్దీ రోడ్డు మీదే. పైగా 18 నుంచి 60 ఏళ్ళ మగోళ్ళు దేశం దాటకూడదని యుద్ధం మొదట్లోనే రూల్ పెట్టినారు (2025 ఆగస్టులో 18 నుంచి 22 ఏళ్ళోళ్ళకి సడలించినారు), లారీ డ్రైవర్ పోవాలంటే స్పెషల్ పర్మిషన్ కావాల. లోడ్ ఉంటది, బండి ఉంటది, తోలేవాడు ఉండడు.

నేనయితే ముందుముందు సముద్రం కంటే ఈ పడమటి దారి మీదే ఎక్కువ పెట్టాలంటాను, పోలండ్ వాళ్ళతో ఎంత కొట్లాడాల్సి వచ్చినా సరే, ఎందుకంటే ఒడెసా మీద నాలుగు డ్రోన్లు పడితే ప్రీమియం మళ్ళీ ఎగురుతుంది. రైల్లో పంపుదామంటే ఉక్రెయిన్ పట్టాల వెడల్పు 1520 మిల్లీమీటర్లు, యూరప్‌ది 1435, బార్డర్‌లో సరుకు దించి ఎక్కించాలి లేదా చక్రాలే మార్చాలి. 2025 సెప్టెంబర్‌లో ఉక్రెయిన్ పడమటి బార్డర్ దగ్గర చోప్ నుంచి ఉజ్‌హోరొద్ దాకా 22 కిలోమీటర్లు యూరప్ గేజ్‌లో వేసి ఓపెన్ చేసినారు. అది ప్యాసింజర్లకి మేలు, గోధుమకి ఇంకా శానా దూరం వేయాల.