పొయ్యి కంటే ముందు డబ్బా చూడాలె

నిన్ననే కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల నుంచి తిరిగొచ్చిన. ఎడమ కనుబొమ్మ సగం లేదు. పొయ్యికి మాత్రం ఏం కాలే, బ్రహ్మాండంగ ఉన్నది. భుజాన మోసుకపోయే చిన్న గ్యాస్ పొయ్యి కొనాలనుకునేటోళ్లకు పనికొస్తదని మంట చల్లారకముందే రాస్తున్న.

పొయ్యి కొనుడు పది నిమిషాల పని. వంద గ్రాముల లోపు బరువు, మడిచే చేతులు, మంటను సన్నగ చేసే తీగ పిడి ఉంటే చాలు. మూడు చేతులదాని కంటే నాలుగు చేతులది మేలు, సర్వ ఒరగదు. మీట నొక్కితే అంటుకునే ఏర్పాటును నమ్ముకోవద్దు, లైటర్ ఒకటి జేబుల ఉండాలె.

అసలు కథంతా గ్యాస్ డబ్బాది. మూడు రకాలున్నయి. ఒకటి పొట్టిగ, గుండ్రంగ ఉంటది, తల మీద మరలుంటయి. మెకానిక్కులు చూడీలంటరు. 7/16 అంగుళాల మర. దాని వాల్వు తనంతట తనే మూసుకుంటది కాబట్టి పొయ్యి విప్పినా గ్యాస్ పోదు. రెండోది పొడుగుది, దోమల మందు స్ప్రే డబ్బా లెక్క ఉంటది. మర లేదు, మూతి చుట్టు అంచుకు ఒక గాడి ఉంటది. బల్ల మీద పెట్టే పెట్టెపొయ్యి కోసం చేసింది అది. మూడోది పొడిచే రకం. పొయ్యి సూది దిగితేనే గ్యాస్ వస్తది, మామూలు రకంల అయిపోయేదాక విప్పరాదు. సంచిల మోసేటోళ్లు దాని జోలికి పోవద్దు.

నాది మరల పొయ్యి. నల్లగొండల నేను తిరిగిన దుకాణాలల్ల మరల డబ్బా ఒక్క దగ్గర కూడ దొరకలే. ఆఖరికి ఒకాయన పొడుగు డబ్బా చేతుల పెట్టి, "అన్ని గ్యాసులు ఒక్కటే అన్నా, అడాప్టర్ పెట్టుకుంటే పడ్తది" అన్నడు. అడాప్టర్ అంటే పొడుగు డబ్బా మూతిని మరల పొయ్యికి కలిపే ముక్క. మరి ఈ గాడి ఎందుకున్నదని అడిగితే "డిజైన్" అన్నడు.

డిజైన్ కాదు. పొడుగు డబ్బాను పండబెట్టి వాడుతరు. లోపల వాల్వుకు వంకర గొట్టం ఒకటి ఉంటది. గాడి పైకి ఉంటే ఆ గొట్టం కొస కూడ పైనే, ద్రవం మీద నిండిన ఆవిరిల ఉంటది. గాడి కిందికి పోతే కొస ద్రవంల మునుగుతది. అప్పుడు బర్నర్‌కు ఆవిరి కాదు, పచ్చి ద్రవమే వస్తది. ఆ ద్రవం బయటికొచ్చి ఆవిరైతే రెండు వందల రెట్లకు పైన పెరుగుతది. నీలి మంట పోయి పసుపు మంట లేస్తది. నేను కాళ్లున్న అడాప్టర్ తగిలించి, డబ్బా దొర్లకుండ రెండు రాళ్ల నడుమ ఒత్తి పెట్టిన, గాడి ఏ దిక్కున్నదో చూడలే. వంగి లైటర్ పెట్టిన. నడుమెత్తు మంట లేచింది. పిడి తిప్పితే ఆగింది గని, కనుబొమ్మ అప్పటికే పోయింది.

ఒడ్డున గొర్లు కాసే పెద్దాయన అంతా చూసిండు. మాట్లాడకుండ మూడు రాళ్లు పెట్టి, పుల్లలేసి, నా గిన్నెలనే చాయ్ కాసిచ్చిండు. తాగుతుంటే అడిగిండు: "ఎంత పెట్టి కొన్నవు బిడ్డా దీన్ని?" సగం ధర చెప్పిన. దానికే నవ్విండు.

ఇంకో సంగతి కూడ అక్కడనే తెలిసింది. అడాప్టర్ లోపల నల్ల రబ్బరు వాషర్ ఉంటది. అది ఎండినా, తెగినా, మర వంకరగ ఎక్కినా గ్యాస్ కారుతది. పొయ్యి పిడి పూర్తిగ మూసి, డబ్బా నిలబెట్టి, చేతితోనే బిగించాలె, పట్టకారు వద్దు. బిగించేటప్పుడు ఒక్క క్షణం 'సుస్' అంటే భయం లేదు. ఆ తర్వాత కూడ అంటుంటే విప్పెయ్యాలె. సబ్బునీళ్లు పూస్తే బుడగలతోని తెలుస్తది, అగ్గిపుల్లతోని వెతుకవద్దు. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, కిందనే పేరుకుంటది. గుడారం లోపల వెలిగించుడు అసలే వద్దు, కంటికి కనపడని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటది.

హిమాలయాలు ఎక్కేటోళ్లు ప్రొపేన్ కలిపిన డబ్బానే కొనాలంటరు. వాళ్ల కొండలకు అది నిజం. మామూలు డబ్బాలల్ల ఉండే బ్యూటేన్ గ్యాస్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర మరుగుతది, అంతకంటే చలైతే డబ్బాల నుంచి లేవదు. ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తది. పాలమూరుల ఎంత చలి పెట్టినా ఉత్త బ్యూటేన్ చాలు. కాకపోతే ఆవిరయ్యేకొద్ది డబ్బా తనే చల్లబడి చెమట పడ్తది, డిసెంబర్ పొద్దుగాల మంట సన్నగైతది. డబ్బాను మామూలు నీళ్ల పళ్లెంల పెడితే మళ్ల లేస్తది. మంట మీద కాపుకునే తెలివితక్కువ పని చెయ్యవద్దు.

మనకు శత్రువులు గాలీ, ఎండా. గాలి లేకుంటే లీటరు నీళ్లు మరగడానికి 12 నుంచి 15 గ్రాముల గ్యాస్ పడ్తది. కృష్ణ మీది గాలికి దానికి రెండింతలైనా చాలదు. మూడు దిక్కుల రేకు అడ్డం పెట్టాలె, నాలుగో దిక్కు విడిచిపెట్టాలె. పొయ్యిని డబ్బా మీద బిగించే రకమైతే చుట్టూ మూసెయ్యవద్దు, సెగ డబ్బాకు తగులుతది. వెడల్పు గిన్నె పెట్టినా అదే కథ, అడుగు 15 సెంటీమీటర్లు దాటవద్దు. డబ్బా మీద చెయ్యి పెడితే వేడి తగిలిందంటే ఆర్పెయ్యాలె. 50 డిగ్రీలు దాటవద్దని డబ్బా మీదనే రాసుంటది. మే నెలల మూసిన కారు అంతకంటే ఎక్కువ కాగుతది.

వండుడు తేలిక. పావు కిలో బియ్యం అరగంట నానబెట్టి, ఏడు నిమిషాలు ఉడికించి, ఆర్పేసి తువ్వాల చుట్టి పావుగంట పెడితే అన్నం తయారు. ఉప్మా రవ్వ ఇంట్లనే వేయించుకపోవాలె.

నల్లమలల మాత్రం ఈ పొయ్యి తియ్యనే వద్దు. రిజర్వు అడవిల నిప్పు రాజేయడం నేరం, ఫిబ్రవరి నుంచి ఆకు రాలి నేలంతా ఎండు చెత్తే. సలేశ్వరం పోయేటోళ్లు అటుకులు, పేలాలు, సద్దిరొట్టె కట్టుకపోవాలె. రైల్ల ఈ డబ్బా దొరికితే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేండ్ల దాక జైలు పడొచ్చు. విమానంల సంచిలనూ వద్దు, చెకిన్‌లనూ వద్దు. నేను బండి మీదనే పోయిన.

ఖాళీ డబ్బాల ఇంటి సిలిండర్ గ్యాస్ నింపిస్తమనేటోళ్లున్నరు. 40 డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఒత్తిడి నాలుగు బార్ లోపల, ప్రొపేన్‌ది 14 బార్ దగ్గర. ఇంటి గ్యాస్‌ల రెండూ ఉంటయి. ఆ పల్చటి రేకు దానికోసం చేసింది కాదు.

కొన్ననాడు నా డబ్బా 318 గ్రాములు తూగింది. లోపల 220 అని రాసుంది, అంటే రేకు 98. నాతోని వచ్చినోడు, నేను ఇద్దరం రెండు రోజులల్ల నాలుగు సార్లు చాయ్, రెండు సార్లు అన్నం, ఒక సారి చారు, ఒక సారి ఉప్మా చేసుకున్నంక 201 తూగింది. కనుబొమ్మ ఖర్చు కూడ కలుపుకొని 117 గ్రాములు అయిపోయింది. మిగిలిన 103 లెక్క డబ్బా మీదనే మార్కర్‌తోని రాసిన, పక్కన గాడి దిక్కు బాణం గుర్తు కూడ గీసిన.