తుపానుకు మునిగిన వరి, కౌలు రైతు పరిహారం: నా అనుభవం

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి మా వైపు వరి కొంత చేలో నిలబడి ఉంది, కొంత కోసి చేలో పరిచిన పనల మీద, కొంత కుప్పల్లో ఉంది. అలాంటప్పుడు పరిహారం కన్నా ముందు చూడాల్సింది గింజ. నిద్రావస్థ (పండిన గింజ కొన్నాళ్లు మొలకెత్తకుండా ఉండే గుణం) లేని రకమైతే రెండు మూడు రోజుల్లోనే మొలక వచ్చేస్తుంది.

ముందు గట్లు తెంచి నీరు బయటికి పంపాలి. తర్వాత లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, పడిపోయిన వెన్నులు బాగా తడిసేలా కొట్టాలి. ఎకరానికి 200 లీటర్లు అనుకుంటే పది కిలోల ఉప్పు సరిపోతుంది. పనలను తిరగేసి వాటి మీదా ఇదే కొట్టాలి. కుప్పను మాత్రం పైపైన చూసి నమ్మకూడదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి చూస్తే లోపల వెచ్చగా తగిలి, పులిసిన వాసన వస్తుంటే ఆ రోజే విప్పి ఆరబెట్టాలి. బరకం కప్పి వదిలేస్తే ఆవిరికి ధాన్యం రంగు మారుతుంది.

పనులు మొదలుపెట్టే ముందే ఫొటోలు తీయాలి. సర్వే నంబరు చెప్పగలిగేలా గట్టో, బోదో, పక్క చేనో కనపడాలి. పంట నష్టం 33 శాతం దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు. నష్టం నమోదుకు సిబ్బంది వచ్చినప్పుడు చేలో మన మనిషి ఉండి తీరాలి. లేకపోతే గట్టు మీద నుంచి చూసి రాసుకుపోతారు, దూరం నుంచి పడిన చేను కూడా పచ్చగానే కనపడుతుంది. తర్వాత జాబితా రైతు భరోసా కేంద్రంలో అంటిస్తారు (ఇప్పుడవి రైతు సేవా కేంద్రాలు). పేరు, విస్తీర్ణం, ఖాతా నంబరు సరిచూసుకుని, తప్పుంటే గడువులోపే రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం పెట్టించుకోవాలి.

కౌలు రైతుకు అసలు చిక్కు తుపానుకు నెలల ముందే మొదలవుతుంది. ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, ఎవరి పేరుంటే డబ్బు వాళ్లకే. మన పేరు ఎక్కాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి, దానికి భూమి యజమాని సంతకం కావాలి. అది 11 నెలలకే చెల్లుతుంది కాబట్టి ఏటా అడగాల్సిందే. పొలం పోతుందన్న భయంతో చాలామంది యజమానులు పెట్టరు. చట్టం ప్రకారం ఆ పత్రంతో భూమి మీద ఏ హక్కూ రాదని పెద్దమనుషుల ముందు చెప్పించడం కొంత పనిచేసింది. పేరు ఎక్కాక వేలిముద్రతో ఈ-కేవైసీ పూర్తిచేసి రసీదు తీసుకోవాలి. ఆధార్‌కు ముడిపడిన ఖాతా పనిచేస్తోందో లేదో బ్యాంకులో అడగాలి.

అప్పటి కేంద్ర విపత్తు నిధి నిబంధన ప్రకారం నీటివసతి ఉన్న పంటకు వచ్చేది హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. అంటే ఎకరానికి ఏడు వేలు కూడా కాదు. కోత కూలికే అందులో సగం పోతుంది.

ఇక అమ్మకం. ఆ ఏడాది సాధారణ రకం మద్దతు ధర క్వింటాలు 2,183, అంటే 75 కిలోల బస్తాకు 1,637 రూపాయలు. తేమ 17 శాతం దాటినా, రంగు మారిన, మొలకెత్తిన గింజ ఎక్కువైనా మిల్లు దగ్గర తరుగు తీస్తారు. అందుకే కొనుగోలు కేంద్రంలో తేమ చూసిన కాగితం చేతిలో లేకుండా లోడు పంపకూడదు. కౌలు మాత్రం బస్తాల లెక్కే. తడిసిన ధాన్యం యజమాని తీసుకోడు, మంచి గింజే కొలవాలి.