మూడు సర్వర్లు, నెల రోజుల ప్లాన్

విజయనగరంలో మా ఆఫీసు సర్వర్ల అప్‌గ్రేడ్ నిన్న తెల్లవారుజామున పూర్తయింది. మూడు సర్వర్లు, వాటి మీద ఇరవై రెండు వర్చువల్ మెషిన్లు, అంటే ఒకే సర్వర్‌లో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి. అన్నీ ఇంతకాలం వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్ వీఎంవేర్ 6.5 వెర్షన్ మీదే నడిచాయి. దానికి సాధారణ సపోర్ట్ 2022 అక్టోబర్‌లోనే ఆగిపోయిందని తలచుకుంటే భయమేసేది.

6.5 నుంచి 8కి నేరుగా వెళ్లలేం, అందుకే మధ్యలో 7 దగ్గర ఆగాం. ప్రతిసారీ ముందు అన్నిటినీ ఒకచోటి నుంచి నిర్వహించే వీసెంటర్, తర్వాతే హోస్టులు, అంటే ఆ మూడు సర్వర్లు. అప్‌గ్రేడ్ కోసం ఒక హోస్టును ఖాళీ చేస్తే మిగతా రెండూ మొత్తం భారం మోయాలి కదా. లెక్క వేస్తే ర్యామ్ చాలలేదు. టెస్ట్ మెషిన్లు నాలుగు ఆపేశాం.

అసలు టెన్షన్ బ్యాకప్‌తో. రోజూ 'సక్సెస్' అని చూపిస్తున్న అకౌంట్స్ మెషిన్ బ్యాకప్‌ను విడిగా రీస్టోర్ చేసి చూస్తే డేటాబేస్ తెరుచుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్నాప్‌షాట్ (మెషిన్ ఆ క్షణంలో ఎలా ఉందో అదే డిస్కులో దాచుకునేది) ఉందిగా అన్నారు కొందరు. డిస్కే పోతే స్నాప్‌షాట్ కూడా దానితోనే పోతుంది! పని వారం వాయిదా వేసి, బ్యాకప్ సరిచేశాకే మొదలుపెట్టాం.

మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో మాత్రం వద్దని ముందే పట్టుబట్టాను. ఆ జనంలో మూడు లాంతర్ల కూడలి దాటి ఆఫీసుకు చేరడమే కష్టం. పైగా అక్టోబర్ అంటే తుపాన్ల నెల, 2018లో తిత్లీ వచ్చిందీ అప్పుడే.

ఒక్కో వర్చువల్ మెషిన్‌కు విడిగా ఉండే వర్చువల్ హార్డ్‌వేర్ వెర్షన్ ఇంకా పెంచలేదు. పెంచాక మామూలుగా వెనక్కి తేలేం, అందుకే రెండు వారాలు చూస్తాం.

నిన్న పొద్దున్న అకౌంట్స్ మేడం ఎప్పటిలాగే లాగిన్ అయి, "రాత్రి పని అయిందా అండీ?" అని అడిగారు.