ముసురు పట్టిన బుధవారం

నిన్న రాత్రి మొదలైన ముసురు ఈ ఉదయానికి కూడా తెరిపి ఇవ్వలేదు. నారాయణగూడలో ఒక సందులో, జిరాక్సు దుకాణం పైన ఉన్న నా కామిక్స్ కొట్టుకు వానాకాలంలో ఉన్నంత పని ఇంకే కాలంలోనూ ఉండదు. అయితే ఆ పని గిరాకీ వల్ల వచ్చేది కాదు, చెమ్మ వల్ల వచ్చేది. షట్టరు ఎత్తగానే లైటు వేయకముందే గాలి పీల్చి చూడడం నాకు అలవాటు. కలరా ఉండల ఘాటు తగిలితే అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క. ముక్కిపోయిన వాసన దాన్ని దాటి వచ్చిందంటే ఆ పూటంతా అట్టపెట్టెలు దించి ఎక్కించడంతోనే గడిచిపోతుంది. ఈ రోజు ముక్కిపోయిన వాసనే వచ్చింది.

ఉత్తరం వైపు గోడకు ఆనించిన ఇంద్రజాల్ పెట్టె అడుగు మెత్తబడి ఉంది. 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ 1990లో ఆగిపోయాయి కాబట్టి, నా దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్నదానికి కూడా ముప్పై అయిదేళ్లు నిండినట్టే. అంత వయసున్న న్యూస్‌ప్రింటు కాగితం ఎండాకాలంలో అప్పడంలా విరుగుతుంది, వానాకాలంలో తడి తువ్వాలులా వాలిపోతుంది. కాగితం కంటే ముందు పాడయ్యేది మధ్యలో కొట్టిన పిన్ను. అది తుప్పు పట్టి చుట్టూ గోధుమరంగు మరక వేస్తుంది, ఆ మరక నడిమి పుటను కొరికేస్తుంది, ఒకనాడు ఆ కథల వీరుడు ఫాంటమ్ ఉన్న సగం పుట మన చేతిలోకి ఊడి వస్తుంది. పదకొండు పుస్తకాల పిన్నులను చాకు మొనతో మెల్లగా విప్పి తీసేసి, ఆ చిల్లుల్లోంచే తెల్ల దారంతో రెండేసి కుట్లు వేశాను. సేకరించేవాళ్లలో కొందరు ఇది తప్పంటారు, తుప్పుతో సహా అసలు పిన్నే ఉండాలంటారు. వాళ్ల ఇళ్లల్లో ఏసీలు ఉంటాయి.

తరవాత ప్లాస్టిక్ కవర్లు మార్చాను. పుస్తకానికి జీఎస్టీ లేదు గాని, దాన్ని దాచుకునే కవరుకు 18 శాతం ఉంది. అమ్మేది పన్ను లేని సరుకు కాబట్టి కవర్ల మీద కట్టిన పన్ను వెనక్కు వచ్చే దారి కూడా లేదు. ప్రతి ఏడాదీ వానాకాలంలో ఈ విషయం నాకు కొత్తగా తెలిసినట్టు కోపం వస్తుంది.

అమెరికాలో కామిక్స్ దుకాణాలకు బుధవారం అంటే పండుగ రోజు. కొత్త సంచికలు ఆ రోజే అల్మారాల్లోకి ఎక్కుతాయి, పాఠకులు దానికోసం కాచుకుని ఉంటారు. కొట్టు పెట్టిన కొత్తలో నేనూ ఇక్కడ బుధవారాన్ని అలా అలవాటు చేద్దామని ఆరు నెలలు తంటాలు పడ్డాను. మన దగ్గర కొత్త సరుకు పంపిణీదారుడి దగ్గర నుంచి ఎప్పుడు వస్తే అప్పుడే పండుగ. వచ్చిన సరుకు అమ్ముడుపోకపోతే తిరిగి తీసుకోరు, పైగా నాకిచ్చే తగ్గింపు కంటే ఎక్కువ తగ్గింపుతో అదే పుస్తకం ఫోనులో దొరుకుతుంది. అయినా నా కొట్టు అద్దె కడుతున్నది జపాను వాళ్ల కామిక్స్ అయిన మాంగాయే గాని, నేను గొంతు చించుకుని చెప్పే అమర చిత్ర కథలో, ఇంద్రజాలో కాదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

పదకొండు గంటలకు రాజమండ్రి పార్సిలు పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లాను. 2025 మే నెలలో వచ్చిన జ్ఞాన్ పోస్టు అనే తపాలా పథకంలో మూడు వందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, అయిదు కిలోలైతే వంద. పుస్తకాలు పంపేవాళ్లకు అదొక వరం. అయితే క్రమం తప్పకుండా వెలువడే పత్రికలను అందులో తీసుకోరు. కౌంటరులో ఉన్న అమ్మాయి నా అమర చిత్ర కథల మీద ఉన్న వరుస సంఖ్యలను చూసి, “ఇవి నెలనెలా వచ్చేవా మేడమ్?” అని అడిగింది. కాదు, ఇవి పుస్తకాలే అనబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఒకప్పుడు ఇవి పక్షానికొకటి చొప్పున వచ్చిన మాట నిజమే కదా. వరుస సంఖ్యల సంగతి వస్తే ఇంకో తమాషా ఉంది: ఈ వరుసలో ‘కృష్ణ’ పదకొండో సంఖ్య. మొదటి పదీ విదేశీ బాలకథలు. అది తెలియని కుర్రాళ్లు ఒకటో సంఖ్య నుంచి పదో సంఖ్య దాకా కావాలని నా ప్రాణం తీస్తుంటారు. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాలనిపించింది కాని, వెనక వరుసలో పెన్షను పుస్తకాలు పట్టుకున్న పెద్దవాళ్లు నిలబడి ఉన్నారు. నోరు మూసుకుని స్పీడ్ పోస్టు డబ్బులు కట్టి వచ్చేశాను.

మధ్యాహ్నం రెండు దాటాక, మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. డెబ్బయి అయిదేళ్ల పైబడిన ఒక పెద్దాయన తడిసిన గొడుగు మడిచి గుమ్మం బయటే పెట్టి, పాలిథిన్ సంచిలో చుట్టిన మూటను మాత్రం గుండెలకు ఆనించుకుని లోపలికి వచ్చారు.

“అమ్మా, పాత చందమామలు కొంటారని కింద జిరాక్సు అబ్బాయి చెప్పాడు.”

“కొంటాను బాబాయిగారూ, ముందు కూర్చోండి.”

మూటలో మూడు బైండు సంపుటాలు ఉన్నాయి. మూడూ 1960ల నాటివి, ఒక్కొక్కదానిలో పన్నెండు నెలల సంచికలు. ఎర్ర కాలికో గుడ్డ మూలలు, పాలరాతి చారల కాగితం అట్ట, వెన్ను మీద సిరాతో ఏడాది సంఖ్య. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారట. మల్కాజిగిరిలో ఇల్లు ఖాళీ చేసి, పుణెలో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్లిపోతున్నారట. అక్కడ రెండు గదుల ఫ్లాటు. దేవుడి పటాలకే చోటు సరిపోవడం లేదని కోడలు ముందే చెప్పిందన్నారు, ఫిర్యాదులా కాదు, రైలు వేళలు చెప్పినట్టు.

నేను సంపుటాలు తెరిచి చూశాను. బైండింగు చేసినవాడు పక్క కుట్టు వేసి, మూడు వైపులా కత్తికి పెట్టి సమం చేశాడు. అంచుల్లో వేలెడు కాగితం పోయింది. కొన్ని పుటల్లో చందమామ చిత్రకారుడు శంకర్ గీసిన విక్రమార్కుడి కత్తి మొన కూడా కాగితంతో పాటే తెగిపోయింది. రెండు సంపుటాలలో వడ్డాది పాపయ్య (వపా) గారి ముఖచిత్రాలు ఉన్నాయి గాని, మూడోదాంట్లో అట్టలన్నీ తీసేసి కుట్టాడు. ఇవాళ చందమామ సేకరించేవాళ్లలో సగంమంది ఆ వపా బొమ్మల కోసమే కొంటారు. బైండు చేసిన పుస్తకానికి విడి సంచికల ధర రాదు, కత్తి పడితే ఇంకా రాదు, అట్టలు లేకపోతే అసలే రాదు. మూడింటికీ కలిపి నాలుగు వేలు ఇస్తానని చెప్పాను.

“ఒక్కొక్క సంచికే వేలల్లో పలుకుతుందని మా మనవడు ఫోనులో చూపించాడమ్మా,” అన్నారాయన.

ఆ మాట నేను వారానికి రెండుసార్లు వింటాను. అది 1947 జులైలో తెలుగు, తమిళ భాషల్లో నాగిరెడ్డి-చక్రపాణి గార్లు తెచ్చిన మొదటి సంచికల మాటని, ఆ తొలి ఏళ్లవి మడత పడకుండా దొరకడమే గగనమని, 1960ల నాటికి చందమామ రాని ఇల్లు తక్కువ కాబట్టి ఇవి ఇంకా దొరుకుతూనే ఉన్నాయని వివరించాను. వివరిస్తున్నంతసేపూ నా గొంతు నాకే నచ్చలేదు. మా వ్యాపారంలో చదివినవాడి చేయి పడినకొద్దీ పుస్తకం విలువ తరిగిపోతుంది. పన్నెండు నెలలవీ పోగుచేసి, బైండింగు కూలి ఇచ్చి దాచుకున్న ఇంటివాళ్ల కంటే, కొని విప్పకుండా బీరువాలో పడేసినవాడి సరుకుకే ఎక్కువ ధర. ఈ లెక్క నేను పెట్టింది కాదు గాని, రోజూ చెప్పేది నేనే.

ఆయన బేరం ఆడలేదు. డబ్బు లెక్క పెట్టుకుంటుండగా, చివరి పుటలు సరిగా ఉన్నాయో లేదోనని మళ్లీ తిరగేస్తున్న నా వేలు ‘ఫోటో వ్యాఖ్యల పోటీ’ దగ్గర ఆగిపోయింది. చందమామ చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండు ఫోటోలు ఇచ్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా రెండు చిన్న వ్యాఖ్యలు కార్డు మీద రాసి పంపమనేవారు. ఒక ఫోటోలో తల్లి పొట్ట కింద ఎగబడుతున్న కుక్కపిల్లలు, రెండో ఫోటోలో వీధి కుళాయి చుట్టూ బిందెలతో ఆడవాళ్లు. వాటి కింద పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో: “అమ్మ దగ్గర తోపులాట. పంపు దగ్గర తోపులాట.” ఇంకో నెల తిరగేశాను, అక్కడా ఉన్నాయి. మూడు సంపుటాల్లో ఒక్క నెల కూడా వదలలేదు. కొన్ని చోట్ల కొట్టేసి మళ్లీ రాసినవి, ఒకచోట కొట్టేసినదే బాగుంది.

“మా అక్కయ్య రాసేది,” అన్నారాయన, కళ్లజోడు సర్దుకుని చూసి. “ఒక్కటీ పంపలేదు. కార్డుకు డబ్బులు అడిగితే నాన్నగారు, ఆడపిల్ల పేరు పత్రికలో ఎందుకే అనేవారు. తరవాతి సంచికలు రాగానే గెలిచినవాళ్ల వ్యాఖ్యలు చదివి, నాదే బాగుందిరా అని నాతో అనిపించుకునేది.”

అక్కగారు ఎక్కడున్నారని అడిగాను. విజయనగరంలో ఉన్నారట, చూపు ఆనడం లేదట. ఆయన డబ్బు జేబులో పెట్టుకుని, ఖాళీ పాలిథిన్ సంచి మడిచి దాన్ని కూడా జాగ్రత్తగా పట్టుకుని, మెట్లు దిగి వెళ్లిపోయారు. గొడుగు మరిచిపోయారేమోనని లేచి చూశాను. మరిచిపోలేదు.

సాయంత్రం బడులు వదిలాక కొట్టు కొట్టులా ఉండదు. నలుగురు పిల్లలు చేరితే అయిదోవాడికి నిలబడడానికి చోటుండదు. మాంగా కొత్తగా కొనేవాళ్లకు నేను రోజూ చెప్పే పాఠం ఒకటుంది: కుడి వైపు నుంచి తెరవాలి, గళ్లు కూడా కుడి నుంచి ఎడమకు చదవాలి. మన అలవాటు కొద్దీ ఎడమ నుంచి తెరిస్తే, మీరు తప్పు దిక్కున వస్తున్నారని హెచ్చరించే పుట ఎదురవుతుంది. ఈ రోజు తొమ్మిదో తరగతి పాప ఒకతె వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన తన ఆటోను సందు మొగలో ఆపి వచ్చారు. పాఠం మొదలుపెట్టేలోగానే ఆయన పుస్తకం అందుకుని, నేరుగా కుడి వైపు నుంచి తెరిచి, గడి వెంట గడి కుడి నుంచి ఎడమకు వేలితో చూసుకుంటూ పోయారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, “మా ఉర్దూ కితాబు కూడా ఇట్లనే ఉంటది కదమ్మా, ఇది సీదానే ఉంది,” అన్నారు. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో, అదీ హైదరాబాదులో, నాకు తట్టని పోలిక అది.

పాప చేయి వన్ పీస్ అనే మాంగా మీద ఉంది. అదెన్ని భాగాలతో అయిపోతుందని ఆయన అడిగారు. 1997 నుంచి వస్తోందని, వంద దాటినా ఇంకా అయిపోలేదని ఉన్నమాట చెప్పాను. ఆయన మీటరు చూసినట్టు ఒక్క క్షణం ఆలోచించి, “అయిపోయేది చూస్కో బేటా,” అన్నారు. ఇరవై మూడు భాగాలతో ముగిసిన డీమన్ స్లేయర్ మొదటి భాగం తీసుకుని వెళ్లారు. మిగిలిన ఇరవై రెండింటికీ నెలకొకటి చొప్పున వస్తారని నా ఆశ.

ఎనిమిదిన్నరకు కూర్చుని, ఆ మూడు సంపుటాల వివరాలు రాసి, బెంగళూరులో ఉండే ఒక తెలుగు సేకరణకర్తకు వాట్సాప్‌లో పంపాను. లోపాలన్నీ విడవకుండా చెప్పడం మా పద్ధతి: మూడు వైపులా కత్తి పడింది, మూడో సంపుటంలో అట్టలు లేవు, వెన్ను దగ్గర పురుగు తిన్న గుర్తులు, ఫోటో వ్యాఖ్యల పుటల్లో పెన్సిలు రాతలు. ఆ చివరిది రాసేటప్పుడు దాన్ని లోపాల కింద రాయాలా అని కాసేపు తటపటాయించి, చివరకు అక్కడే రాశాను, ఎందుకంటే ఆ పట్టికలో దానికి వేరే చోటు లేదు.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. మూడూ తీసుకుంటానన్నారు, ధర కూడా ఒప్పుకున్నారు. దాని కిందే ఇంకో వాక్యం: “పెన్సిలే కదా మేడమ్, మెత్తటి రబ్బరుతో తుడిచి పంపగలరా?”

కావాలంటే అయిదు వందలు తగ్గిస్తాను గాని తుడవనని రాశాను. ఆయన ఎందుకని అడగలేదు. ఏం రాసి ఉందని మాత్రం అడిగారు. కుక్కపిల్లల పుట ఫోటో తీసి పంపాను. వాట్సాప్‌లో రెండు టిక్కులూ నీలంగా మారాయి. కాసేపు ఆగి చూసి, ఇంద్రజాల్ పెట్టెలో కొత్త కలరా ఉండలు వేసి, సంపుటాలను ఉత్తరం గోడకు దూరంగా బల్ల మీద పెట్టి షట్టరు దించాను. వాన ఇంకా పడుతూనే ఉంది.