నాన్న పోయాక అమ్మకు పింఛను: నా అనుభవం

మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు. పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఈపీఎస్-95 పింఛనుతో రిటైరయ్యాడు. జీవితమంతా ఎర్రజెండా యూనియన్ మనిషి. ఆయన పోయిన రోజు అన్ని పార్టీలవాళ్లూ దండలు తెచ్చారు. శవం మీద ఏ జెండా కప్పాలని అన్నయ్యకూ బావకూ మాటా మాటా పెరిగింది. పెద్దకర్మ దాటాక ఆ దండలవాళ్లలో ఒక్కరూ గుమ్మం తొక్కలేదు.

కాగితాల పని నా మీద పడింది. 21 రోజుల్లోపు పంచాయతీలో చెప్తే మరణ ధ్రువపత్రానికి డబ్బేమీ కట్టక్కర్లేదు, నెల దాటితే ఫీజు, అనుమతులు. అది త్వరగానే అయింది. చిక్కంతా పింఛను దగ్గరే. పీపీవోలో, అంటే పింఛను మంజూరు కాగితంలో, అమ్మకు పుట్టింటి ఇంటిపేరుంది, ఆధార్‌లో మా ఇంటిపేరు. ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారు. మీ ఇంట్లో పింఛను పెద్దలుంటే ఇది ఇప్పుడే చూసుకోండి.

నాన్న ఉన్నప్పుడూ ఏటా టెన్షనే. బతికే ఉన్నానని చూపే లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలు పెడితే మెషిన్ పట్టేది కాదు. జనుము నారకు బొటనవేలు నున్నగా అరిగిపోయింది. తువ్వాలుతో తుడిచి, నోటితో ఊది మళ్లీ పెట్టేవాడు. ఫోన్లో ముఖం చూపించే పద్ధతి వచ్చాకే తెరిపినపడ్డాడు.

చివరికి ఆదుకున్నది మిల్లులో ఎదుటి యూనియన్ నడిపిన బాబాయ్. గేటు మీటింగుల్లో నాన్నా ఆయనా తిట్టుకోని రోజు లేదు. కబురు పెడితే ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు. "మీ నాన్న నాకు ఏనాడూ ఓటెయ్యలేదు. అలాగని వదిన పింఛను ఆగిపోవాలేటి?" అంటూ అఫిడవిట్ రాయించి, దరఖాస్తు తనే నింపాడు. నాన్న పోయిన తర్వాత నెల ఖాతాలో పడిన డబ్బు ముట్టుకోవద్దన్నాడు. అన్నట్టే బ్యాంకు వెనక్కి తీసుకుంది.

నాన్నకొచ్చేదాంట్లో భార్యకు సగం. అది నెలకు వెయ్యికి తగ్గితే వెయ్యి ఇస్తారు. మా అమ్మకు వచ్చేది ఆ వెయ్యే. 2014లో పెట్టిన కనీసం అది. 7,500 చెయ్యాలని పింఛనుదారులు ఏళ్లుగా ధర్నాలు చేస్తున్నారు. ఈమధ్య ఒకదానికి బాబాయ్ అమ్మను తీసుకెళ్లాడు. అన్నయ్యా బావా మాత్రం ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు.