చెప్పమన్నవాళ్లు చెప్పరు

చిన్నోడు ఈ రాత్రి భోజనాల దగ్గర ఓమోరి అనే వీడియో గేమ్ క్లైమాక్స్ చెప్పేశాడు. నేను ఆడుతున్నానని వాడికి తెలియక కాదు, రోజూ సోఫాలో పడుకుని చూస్తూనే ఉన్నాడు. పెరుగు గిన్నె ఇటు జరుపుతూ "అక్కా, అసలు ఆ మారి సంగతి..." అని మొదలుపెట్టి, నేను ఆపేలోపే మొత్తం కక్కేశాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. మీరైనా సుఖంగా ఆడుకోండి.

పోనీ వాడేమైనా ఆడాడా? లేదు. ఎవరో పెట్టిన వీడియోని రెండింతల స్పీడులో చూశాడట. ఆ ఆటలో దెబ్బలు తిని పడిపోయిన స్నేహితులు టోస్ట్ అయిపోతారు, నిజంగా బ్రెడ్డు ముక్కే. లైఫ్ జామ్ వాడితే మళ్లీ లేస్తారు. ఆ జామ్ కోసం తిప్పలు పడింది నేను, కథ తెలిసింది వాడికి! 2014లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో డబ్బు పోగేసి, 2020 క్రిస్మస్‌కి గానీ బయటికి తేలేకపోయారు ఆ ఆటని. అన్నేళ్లు దాచిన రహస్యాన్ని వీడు పెరుగన్నంలో కలిపేశాడు.

అందులో ఫైటింగంతా మూడ్‌ల మీదే నడుస్తుంది. కోపమొస్తే కొట్టే బలం పెరుగుతుంది, కాచుకునే బలం తగ్గుతుంది. కోపం దిగులుని ఓడిస్తుంది, దిగులు సంతోషాన్ని, సంతోషం కోపాన్ని. నేను కోపంగా ఉన్నా, వాడు ఇకిలిస్తున్నాడు. ఎవరు గెలిచారో అర్థమైందిగా.

అలిగి వెళ్లి ఆటని మొదట్నుంచీ కొత్త ఫైల్‌లో తెరిచా. మొదట్లోనే, ఆ స్నేహితుల్లో ఒకడైన బేసిల్ ఆల్బంలోంచి ఒక ఫొటో జారిపడుతుంది, అది చూసి వాడు హడలిపోతాడు, ఆ తర్వాత కనిపించడు. మొదటిసారి అక్కడ బొమ్మలు బాగున్నాయనుకుంటూ దాటేశా. ఇప్పుడు వాడి మొహం చూస్తే గుండె జారింది. చిన్నోడు చెప్పడమే మంచిదైందేమో. ఇంకా ముందే చెప్పుంటే ఆట మధ్యలో స్వీట్‌హార్ట్ కోటలో ఆ సాగతీత కూడా తప్పేది. ఈ మాట వాడితో మాత్రం అనను.

ఆల్బం అంటే అమ్మమ్మగారింట్లోది గుర్తొచ్చింది. నల్ల అట్టలు, మధ్యలో పల్చటి కాగితం, ఫొటో మూలలకి త్రికోణాలు. అందులో అమ్మా పెద్దమ్మా వోణీల్లో అరుగు మీద నిలబడ్డ ఫొటో ఒకటుంది. కుడివైపు కత్తెరతో కోసేశారు. పెద్దమ్మ భుజం మీద ఒక చెయ్యి మాత్రం మిగిలిపోయింది. గాజుల్లేవు, వాచీ ఉంది. ఎవరని అడిగితే అమ్మమ్మ "ఫొటో చెమ్మకి పాడైతే కోసేశాంలే" అంది. పెద్దమ్మ "మా క్లాసమ్మాయి" అంది. క్లాసమ్మాయికి అంత పెద్ద వాచీనా? అమ్మయితే "నీకెందుకే అవన్నీ" అని పప్పు తాలింపు వేసుకుంది. అమ్మమ్మ పోయాక ఆల్బం మావయ్య దగ్గరికెళ్లింది. ఇంకా అక్కడే ఉందో లేదో.

ఆ చెయ్యి ఎవరిదో ఇలాగే అన్నం తింటుండగా ఎవరైనా నోరు జారితే నాకు కోపం వచ్చేదా? పెరుగు నేనే వడ్డించేదాన్ని.

ఏమో, అదీ నిజం కాదు. ఆ వాచీవాడికి నేను అల్లిన కథలు బోలెడు. ఒకసారి మిలిటరీలోకి పంపించా, ఒకసారి దుబాయ్. తీరా ఏ ఎల్ఐసీ ఏజెంటో అని తేలితే చిన్నోడి మీద వచ్చినంత కోపమూ వస్తుంది.

అయినా తెలుసుకోవాలనే ఉంది. పెద్దమ్మ వచ్చే నెల వస్తోంది. నేనడిగితే మళ్లీ క్లాసమ్మాయే అంటుంది. చిన్నోణ్ని అడగమంటా. వాడి నోరు ఇలాంటి పనికైనా అక్కరకొస్తుంది.