మూడు గంటలు ఇసుకలో పడుకోవడమే పని

వెనిస్‌లో ఒక ఒపెరాలో పాల్గొనడానికి నేను నింపిన ఫారంలో పాట వచ్చా, నటన వచ్చా అని ఎక్కడా లేదు. పేరు, ఏ రోజు వస్తారు, ఎంతమంది, పిల్లలున్నారా, కుక్క ఉందా. అంతే. కుక్క దగ్గర కాసేపు ఆగాను. అప్పటికి నాకు అప్లికేషన్లు నింపడంలో మంచి అనుభవమే ఉంది. వీసా, స్కాలర్‌షిప్, హాస్టలు, రెసిడెన్స్ పర్మిట్, అన్నిట్లోనూ నేనెందుకు అర్హురాలినో పేరా రాసి ఒప్పించాలి. దీంట్లో ఆ గడే లేదు. ఇదేదో మోసంలా ఉందే అనుకున్నాను.

ఇది 2019 జూన్ మాట. వెనిస్ దగ్గరి పాదువా అనే ఊళ్ళో ఎమ్మెస్సీ చదువుతున్నాను, పరీక్షల మధ్యలో ఉన్నాను. ఈ సంగతి చెప్పింది మా క్లాసులోని లిథువేనియా అమ్మాయి. ఆ ఏడు మే 11న వెనిస్ బియెనాలెలో వాళ్ళ దేశానికి గోల్డెన్ లయన్ అనే మొదటి బహుమతి వచ్చింది. బియెనాలె అంటే రెండేళ్ళకోసారి దేశదేశాల వాళ్ళు తమ కళని తెచ్చి పెట్టే పెద్ద తిరనాళ్ళ లాంటిది. చాలా దేశాలకి అక్కడ సొంత భవనాలున్నాయి. లిథువేనియాకి లేదు. నౌకాదళం ఆవరణలో ఒక గోదాం తీసుకుని అందులో ఇసుక పోశారు. ఆ దేశం మొత్తం జనాభా 28 లక్షలు, అంటే అప్పటి మా తూర్పుగోదావరి జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ. ప్రైజు వచ్చిన వారం ఆ పిల్ల కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఒపెరా పేరు 'సన్ అండ్ సీ'. ముగ్గురు ఆడవాళ్ళు కలిసి చేశారు. రుగిలే బర్జ్‌జ్యూకైతే దర్శకత్వం, వైవా గ్రైనీతే మాటలు, లీనా లాపెలీతే సంగీతం. ఇదే ముగ్గురూ అంతకుముందు సూపర్ మార్కెట్ క్యాషియర్ల మీద ఒక ఒపెరా చేశారట. బిల్లు కొట్టే అమ్మాయిలు పాడతారు, మధ్యలో ఆ మెషీను బీప్ బీప్ అంటుంది. అది విన్నాకే నాకు వీళ్ళ మీద కాస్త గురి కుదిరింది. ఎందుకంటే ఒపెరా అంటే నా దృష్టిలో బంగారు రంగు తెర, గొంతు చించుకుని పాడే లావుపాటి ఆవిడ, అర్థం కాని భాష. 'సన్ అండ్ సీ' మొదట 2017లో వాళ్ళ రాజధాని విల్నియస్‌లోని నేషనల్ గ్యాలరీలో లిథువేనియన్ భాషలో ఆడింది. వెనిస్‌కి ఇంగ్లీషులోకి మార్చారు.

ఇందులో స్టేజీ ఉండదు. కింద గోదాం నేలంతా ఇసుక. పైన చుట్టూ వసారాలాగా ఉంటుంది, జనం అక్కడ నిలబడి కిందికి చూస్తారు. కింద తువ్వాళ్ళ మీద జనం ఎండ కాచుకుంటున్నట్టు పడుకుని ఉంటారు. అందులో 13 మంది గాయకులు. వాళ్ళు పడుకునే పాడతారు. గంటకి కాస్త అటూ ఇటూగా పాటలన్నీ అయిపోతాయి, మళ్ళీ మొదటికొస్తాయి. పొద్దున్న మొదలెడితే సాయంత్రం దాకా అదే తిరుగుడు. 13 మందితో బీచ్ నిండదు కదా. మిగతా వాళ్ళు మాలాంటి వాళ్ళు. ఎవరైనా సరే పేరిచ్చి, తువ్వాలు తెచ్చుకుని, కనీసం మూడు గంటలు అక్కడ ఉండాలి. డబ్బులివ్వరు. వాళ్ళకే డబ్బుల్లేక, ప్రదర్శన రోజులు నడపడానికి ఆన్‌లైన్‌లో చందాలు పోగు చేశారు.

పేరైతే ఇచ్చేశాను. ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, బీచ్ అంటే స్విమ్ సూట్.

మా వైపు సముద్రానికి వెళ్ళడం వేరు. చుడీదార్‌తోనే నీళ్ళలోకి దిగుతాం, మగాళ్ళు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుస్తారు, పెద్దవాళ్ళు చెప్పులు కాస్తూ గట్టున కూర్చుంటారు. అల వస్తే అరుస్తాం, వెనక్కి పరిగెత్తుతాం, మొక్కజొన్న పొత్తు తిని ఇంటికొస్తాం. ఇసుక మీద వెల్లకిలా పడుకుని ఎండకి ఒళ్ళు అప్పగించడం అనేది మా ఇళ్ళలో ఎవరూ చేయగా నేను చూళ్ళేదు. ఎండ కాచుకోవడానికి అంత కష్టపడాలా అసలు? స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను: 'బట్టలతో రావచ్చా?' 'నువ్వు బీచ్‌కి ఎలా వెళ్తావో అలాగే రా' అంది. టీషర్టు, మోకాళ్ళ కింది దాకా లెగ్గింగ్ ఖాయం చేసుకున్నాను. తువ్వాలు మటుకు సమస్య కాలేదు. ఊరి నుంచి వచ్చేటప్పుడు నాన్న ఎర్ర గళ్ళ తువ్వాలు సూట్‌కేసులో ఊరగాయ సీసా చుట్టూ చుట్టి పెట్టింది అమ్మ. నూనె మరక ఒక మూల ఇంకా ఉంది.

జూన్ 29, శనివారం. ఆ వారం యూరప్ అంతా వడగాడ్పులు. ముందురోజే ఫ్రాన్స్‌లో ఎండ 45 డిగ్రీలు దాటింది, ఆ దేశంలో లెక్కలు రాయడం మొదలెట్టాక అదే మొదటిసారి. రెంటచింతల పేరు వింటూ పెరిగినదాన్ని, 45 అంటే నాకు పెద్ద వార్త కాదు. కానీ మా హాస్టల్లో ఫ్యాను లేదు, ఆ బిల్డింగులన్నీ చలి కోసం కట్టినవి. రెండు రాత్రులు తడి గుడ్డ వేసుకుని పడుకున్నాను.

రైలు దిగాక ఇద్దరం నడిచాం. వాపొరెట్టో అని అక్కడి నీళ్ళ బస్సు, అప్పట్లో టికెట్టు ఏడున్నర యూరోలు. ఆ డబ్బుతో రెండు రోజులు కూరలొచ్చేవి. ముప్పావు గంటలో చేరతామనుకున్నది, వెనిస్ సందులు తెలిసిందేగా, రెండుసార్లు కాలవ అంచున తేలి వెనక్కి తిరిగాం. ఆర్సెనాలె అనే పాత ఓడల కార్ఖానా గోడ వెనక, చెలెస్తియా అనే చోటికి చేరేసరికి వీధిలో పెద్ద క్యూ. గొడుగులు, టోపీలు, విసనకర్రలు. మేం పాల్గొనేవాళ్ళం అని చెప్పి పక్కనించి లోపలికి వెళ్తుంటే, తిరుమలలో వీఐపీ బ్రేక్‌లో వెళ్ళేవాళ్ళని మేం ఎలా చూస్తామో అక్కడి వాళ్ళు మమ్మల్ని అలా చూశారు.

లోపల మాకు చెప్పింది చాలా తక్కువ. పైకి చూడకండి. చప్పట్లు కొట్టకండి. బీచ్‌లో ఏం చేస్తారో అది చేయండి, వెళ్ళాలనిపిస్తే మెల్లగా లేచి వెళ్ళండి.

చెప్పులు విడిచి ఇసుకలో కాలు పెట్టాను. చల్లగా ఉంది. అది నేను అనుకోలేదు. పొడిగా, మెత్తగా, చల్లగా, ఇంట్లో గచ్చులాగా. ఉప్పు వాసన లేదు, చేపల వాసన లేదు, గాలి లేదు. పైనించి లైట్లు. నాన్న తువ్వాలు పరిచి పడుకున్నాను. మొదటి పావుగంట ఒళ్ళంతా బిగుసుకుపోయింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదు. పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టుంది, కాకపోతే ఇక్కడ పడుకుని.

నా ఎడమ పక్క ఒకాయన బోర్లా పడుకుని పుస్తకం చదువుతున్నాడు. భుజం మీద పుట్టుమచ్చ, మడమకి అంటిన ఇసుక. నాలాగే వచ్చినవాడనుకున్నాను. ఉన్నట్టుండి ఆయన పాట ఎత్తుకున్నాడు. పేజీ మీంచి కళ్ళు తీయలేదు. అంత దగ్గర్లో మనిషి గొంతు పాడుతుంటే చెవికి కాదు, ముందు పక్కటెముకలకి తెలిసింది. ఊపిరి తీసినప్పుడల్లా ఆయన వీపు లేవడం, దిగడం కనిపిస్తోంది. పైనున్న వాళ్ళకి ఆ గొంతు ఎక్కణ్ణించి వస్తోందో వెతుక్కోవాలి. నాకు మూరెడు దూరం.

పాటలన్నీ చిన్న విషయాలే. సన్‌స్క్రీన్ రాయమనడం. కుక్కల యజమానులు ఇసుక పాడు చేశారని ఒకావిడ చిరాకు. పని పని అని అలిసిపోయిన మనిషి. మా అబ్బాయి ఎన్నెన్ని సముద్రాల్లో ఈదాడో చూడండి అని డబ్బున్న తల్లి గొప్పలు, ఆవిణ్ణి నేను హైదరాబాద్ పెళ్ళిళ్ళలో చాలాసార్లు చూశాను. ఎక్కడో పండి ఇంత దూరం వచ్చిన అరటిపండు మీద ఒకాయన ఆలోచన. పగడపు దిబ్బలు చచ్చిపోతాయని ఏడ్చి, త్రీడీ ప్రింటర్‌తో మళ్ళీ చేసుకోవచ్చని ఊరడిల్లే అక్కచెల్లెళ్ళు. భూమి వేడెక్కిపోతోంది అని ఎవరూ కేకలు పెట్టరు. సెలవుల్లో ఉన్నవాళ్ళ కబుర్లలో అది అలా దొర్లిపోతుంది. రాగాలు కూడా జోలపాటల్లా ఉంటాయి.

నిజం చెప్పాలంటే రెండో తిరుగుడులో విసుగొచ్చింది. తర్వాత ఏ పాటో తెలిసిపోయింది, నడుం నొప్పి పుట్టింది, పరీక్ష గుర్తొచ్చింది. పైనున్న జనం పది నిమిషాలు, అరగంట చూసి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. ప్రపంచం నలుమూలల నుంచీ విమానాలెక్కి వచ్చి భూమి వేడెక్కడం గురించి పాటలు వినడం ఏంటో అని కూడా అనిపించింది. నేనూ విమానమెక్కే వచ్చాను, అది వేరే సంగతి. విసుగు ముదిరాక మాత్రం ఒళ్ళు వదులైంది. పైన ఎవరో ఉన్నారన్న సంగతే మర్చిపోయాను. చేయడానికి ఏమీ లేదని ఒంటికి అర్థమవడానికి గంటన్నర పట్టింది.

స్నేహితురాలు పక్కకి తిరిగి మెల్లగా వాళ్ళ సముద్రం గురించి చెప్పింది. వంద కిలోమీటర్లు కూడా లేని తీరం. దానికి చివర కురోనియన్ స్పిట్ అని సన్నటి ఇసుక పట్టీ, ఒక పక్క బాల్టిక్, ఇంకో పక్క మడుగు. వెనకటికి అక్కడి అడవి నరికేస్తే ఇసుక కదలడం మొదలెట్టింది. గాలికి గుట్టలు గుట్టలుగా జరుగుతూ ఊళ్ళని కప్పేసింది. జనం ఇళ్ళు వదిలి పక్కకి జరిగారు, అక్కడికీ వచ్చింది. 19వ శతాబ్దంలో దశాబ్దాల పాటు పైన్ మొక్కలు నాటితే గానీ ఆగలేదు. ఇప్పుడు అక్కడ దారి తప్పి దిబ్బల మీదికి ఎక్కితే ఊరుకోరు. 'ఈ ఒపెరా చేసిన మా వాళ్ళు ముగ్గురికీ ఇసుక అంటే ఏంటో తెలుసు' అంది, ఆ కళాకారిణులు తనకి పిన్ని కూతుళ్ళయినట్టు.

అప్పుడే నా ఫోను మోగింది. వైబ్రేషన్‌లో పెట్టాననే అనుకున్నాను. అమ్మ, వీడియో కాల్. కట్ చేస్తే మళ్ళీ చేస్తుంది, మూడోసారి హాస్టల్ వాళ్ళకి చేస్తుంది. ఎత్తాను.

'ఏమే, పడుకున్నావా ఈ టైములో?'

'బీచ్‌లో ఉన్నానమ్మా' అన్నాను గుసగుసగా.

'ఆ పాటలేంటి? ఏదీ, సముద్రం చూపించు.'

'సముద్రం లేదమ్మా. ఇసుక ఒకటే.'

అమ్మ కాసేపు నా వెనక ఉన్న జనాన్ని చూసింది. తర్వాత నవ్వింది. 'బాగుందే. మనకేమో సముద్రం ఉంది, బీచ్ లేదు.'

మాది ఉప్పాడ దగ్గర. చీరల వల్ల ఆ పేరు అందరికీ తెలుసు. ఊరిని సముద్రం ఎన్నో ఏళ్ళుగా కోసుకుపోతోంది. అమ్మమ్మ వాళ్ళ ఇల్లు ఎక్కడ అంటే మా అమ్మ నీళ్ళలోకి వేలు పెట్టి చూపిస్తుంది, అదిగో ఆ పడవకి ఇవతల అని. ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాల్లాంటి సంచులతో అడ్డు కట్టారు, జియోట్యూబులంటారు, అవీ చిరిగాయి. బండరాళ్ళు పోశారు. మాకు పరుచుకుని పడుకునే ఇసుక లేదు, రాళ్ళ మీద నిలబడి చూడటమే. నేను ఇసుకలో పడుకున్న ఆ రోజుకి దాదాపు ఆర్నెల్ల ముందు, డిసెంబర్‌లో పెథాయ్ తుఫాను వచ్చింది. కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు అప్పుడే కాదు, ప్రతి తుఫానుకీ దెబ్బతింటుంది. మా వాళ్ళు దాని గురించి మాట్లాడుకునే తీరు కూడా ఈ పాటల్లాగే ఉంటుంది. రోడ్డు పోయింది, ఆటో చుట్టూ తిరిగి వస్తే ఇరవై రూపాయలు ఎక్కువ అడిగాడు, చూశావా వాడి బుద్ధి. అదీ బాధ.

ఇదంతా ఫోన్లో అనుకోలేదు. 'అన్నం తిన్నావా' అంటే, తినబోతున్నా అని పెట్టేశాను.

నిజంగానే పులిహోర తెచ్చుకున్నాను. చింతపండు దొరక్క నిమ్మకాయతో చేసింది. డబ్బా మూత తీసేసరికి ఆ లేత రంగుల మధ్య పసుపు కొట్టొచ్చినట్టు కనిపించింది. కుడి పక్క ఒక ముసలావిడ పొద్దున్నించీ పదకేళి నింపుకుంటోంది, వెనిస్ ఆవిడే. ముందే అడిగాను, ఆమె ఇదే వీధి వెనకాల ఉంటుందట, మూడోసారి రావడం. ఇంట్లో కంటే ఇక్కడ చల్లగా ఉంటుందని వస్తుందట. కళ అనీ వాతావరణం అనీ ఒక్క మాట లేదు. వేలితో డబ్బా చూపించి ఏంటన్నట్టు తలెగరేసింది. ఇద్దరం చేత్తోనే తిన్నాం. పల్లీలు ఏరుకుని తింది. ఒక పిల్లాడు కొట్టిన షటిల్ కాక్ వచ్చి డబ్బాలో పడబోయింది, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపి, వాణ్ణి ఇటాలియన్‌లో నాలుగు దులిపింది. పైనించి చూసేవాళ్ళకి అదీ ఒపెరాలో భాగమే.

మూడు గంటలయ్యాక లేచాం. కాళ్ళు దులుపుకుని, చెప్పులేసుకుని, ఇక మనమూ చూద్దామని పైకెక్కాం. పైనించి చూస్తే ఎవరు గాయకులో, ఎవరు మాలాంటి వాళ్ళో నాకే తెలీలేదు. నా పక్కనున్న ఆయన గొంతు వినిపిస్తోంది, మనిషి ఎక్కడో వెంటనే కనిపించలేదు. మడత పెట్టిన పుస్తకం కోసం వెతుకుతుంటే ఎర్ర గళ్ళు కనిపించాయి. తువ్వాలు మర్చిపోయి వచ్చేశాను. నూనె మరక ఉన్న మూలన, వాసనకి అనుకుంటా, ఒక గోధుమరంగు కుక్క ముట్టె ఆనించి నిద్రపోతోంది.

కింద అడిగితే, తెచ్చిస్తాం గానీ కుక్క లేచేదాకా ఆగండి అన్నారు. స్నేహితురాలు రైలు టైము చూసింది. నేను మళ్ళీ పైకెళ్ళి, గోడకి ఆనుకుని, ఆ కుక్క ఎప్పుడు లేస్తుందా అని ఒపెరా ఇంకొక్కసారి మొదటి నుంచి చివరి దాకా విన్నాను.